డాబా మీది డిష్ – 4వ పాఠం: ముందు పైపు, తర్వాతే దిక్కు

పోయిన పాఠంలో కేబుల్ చివర కనెక్టర్ బిగించడం నేర్చుకున్నాం. ఈసారి డిష్‌ను టీవీ ఉపగ్రహానికి గురిపెడదాం. కంటికి కనిపించని ఒక వస్తువు ఆకాశంలో ఎక్కడుందో మనం కాగితం మీద లెక్క వేసి, ఆ లెక్క చెప్పిన చోటికి ఇనుప పళ్లెం తిప్పాలి. సరిగ్గా తిప్పితే బొమ్మ వస్తుంది. ఈ పనిలో నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే. అందుకే ఈ పాఠం కొంచెం పెద్దది.

ముందుగా అట్లాస్ తీయండి. విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ రెండు అంకెలూ నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి, చివరిదాకా పనికొస్తాయి. మనం గురిపెట్టబోయే జీశాట్-24 ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పున, భూమధ్యరేఖకు పైన ఉంటుంది. మన రేఖాంశానికీ దాని రేఖాంశానికీ తేడా 0.2 డిగ్రీలు. అంటే విశాఖలో నిలబడ్డవాడికి ఆ ఉపగ్రహం దాదాపు నేరుగా దక్షిణాన ఉన్నట్టే. ముంబైలో నేర్చుకునేవాడు ఇదే ఉపగ్రహం కోసం ఆగ్నేయానికి తిరగాలి, గువాహటిలో ఉన్నవాడు నైరుతికి తిరగాలి. మనకు యారాడ కొండ ఉన్న దిక్కే చాలు. ఈ విద్య మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన ఊరు దొరకదని నా నమ్మకం.

ఆ ఉపగ్రహం గురించి నాలుగు మాటలు. న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ, కొనుగోలుదారు ఎవరో ముందే ఖాయమయ్యాక ఇస్రో చేత తయారు చేయించిన మొదటి ఉపగ్రహం ఇది. మన కాలమానంలో 2022 జూన్ 23 తెల్లవారుజామున, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ దాన్ని తీసుకెళ్లింది. బరువు 4,180 కిలోలు. అందులో ఉన్న 24 కేయూ బ్యాండ్ (ఇంటి డిష్‌లు పట్టుకునే తరంగాల శ్రేణి) ట్రాన్స్‌పాండర్లనూ టాటా ప్లే అద్దెకు తీసుకుంది. ట్రాన్స్‌పాండర్ అంటే కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ను అందుకుని, ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి మళ్లీ కిందికి పంపే పరికరం. ఆ కిందికి వచ్చేదాన్నే మన డిష్ పట్టుకోవాలి.

ఆ ఉపగ్రహం కదలకుండా ఉంటుందని చాలామంది అంటారు. నిజానికి సెకనుకు 3 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతూనే ఉంటుంది. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలమూ అదే. గానుగ చుట్టూ ఎద్దు తిరుగుతున్నప్పుడు గానుగ కాడి మీద కూర్చున్న పిల్లాడికి ఎద్దు ఎప్పుడూ ఒకే చోట కనిపిస్తుంది కదా, అలాగే. ఆర్థర్ సి. క్లార్క్ 1945లో ఈ కక్ష్యలో మూడు రిలే కేంద్రాలు పెడితే ప్రపంచమంతా అందుతుందని రాశాడు. ఇరవై ఏళ్లకు, 1965 ఏప్రిల్‌లో, ఎర్లీ బర్డ్ అనే మొదటి వాణిజ్య ఉపగ్రహం అక్కడికి చేరింది.

పైకి చేర్చి వదిలేస్తే మాత్రం అది అక్కడే ఉండదు. భూమధ్యరేఖ ఖచ్చితమైన గుండ్రం కాదు. ఆ సొట్ట వల్ల 83 డిగ్రీల దగ్గర వదిలిన వస్తువు మెల్లగా పడమటికి, 75 డిగ్రీల వైపు జారుతుంది. సూర్యచంద్రుల ఆకర్షణ దాన్ని ఉత్తర దక్షిణాలకు ఊపుతుంది. కర్ణాటకలోని హాసన్‌లో ఉన్న ఇస్రో కేంద్రం నుంచి ఇంజినీర్లు ఎప్పటికప్పుడు ఇంధనం కాల్పించి దాన్ని తన చోటికి తెస్తుంటారు. వాళ్లు ఆ కాపలా కాస్తున్నారు కాబట్టే మన డాబా మీద డిష్‌ను ఒకసారి బిగించి ఏళ్ల తరబడి ముట్టుకోకుండా ఉండగలుగుతున్నాం.

ఇక లెక్క. క్యాలెండర్ వెనకవైపు లాంటి పెద్ద తెల్ల కాగితం, స్కేలు, కోణమానిని తీసుకోండి. ఒక సెంటీమీటరును వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. ఎడమవైపు ఒక చుక్క పెట్టండి, అది భూమి కేంద్రం. అక్కడి నుంచి అడ్డంగా 42.2 సెంటీమీటర్ల గీత గీసి, చివర ఉపగ్రహం అని రాయండి. మళ్లీ కేంద్రం నుంచి, ఆ గీతకు 17.7 డిగ్రీల కోణంలో, 6.4 సెంటీమీటర్ల చిన్న గీత గీయండి. దాని కొస విశాఖపట్నం. ఆ చిన్న గీతను అదే వాలులో ఇంకొంచెం పొడిగించండి, అది మన నడినెత్తి దిక్కు. ఇప్పుడు విశాఖ చుక్క నుంచి ఉపగ్రహం చుక్కకు గీత కలపండి.

కోణమాని పెట్టి చూస్తే, నడినెత్తి దిక్కుకూ ఉపగ్రహం వైపు గీతకూ మధ్య దాదాపు 21 డిగ్రీలు వస్తుంది. లెక్క కట్టి చూస్తే 20.8. ఇందులో 17.7 మన అక్షాంశం. మిగతా 3.1 ఎక్కడిది? ఉపగ్రహం అనంత దూరంలో ఉంటే ఆ రెండో అంకె ఉండేది కాదు. అది 36 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉండి చూస్తున్నాం కాబట్టి మన చూపు ఆ మేరకు కిందికి వాలుతుంది. ఈ 3.1ని మరచిపోకండి, పాఠం చివర దీనితో మళ్లీ పని ఉంది. 90 నుంచి 20.8 తీసేస్తే 69.2. దిగంతం నుంచి పైకి 69 డిగ్రీలు. డిష్ చూపు ఉండాల్సిన ఎత్తు ఇదే.

ఇంత నిటారుగా చూస్తాం కాబట్టి అడ్డంకుల బెడద మనకు తక్కువ. డిష్ కంటే 10 అడుగుల ఎత్తు లేచిన గోడ దక్షిణాన ఉందనుకోండి, దానికి 4 అడుగులు ఇవతల పెడితే చాలు. పక్కింటి మూడో అంతస్తు వస్తోందని భయపడి డిష్ మార్పించినవాళ్లను చూశాను, చాలాసార్లు ఆ అవసరమే లేదు. కొబ్బరిచెట్టు సంగతి మాత్రం వేరు. చెట్టు ఏటా పెరుగుతుంది, తడిసిన మట్టలు సిగ్నల్‌ను మింగేస్తాయి. ఇవాళ ఖాళీగా ఉన్న చోటు ఐదేళ్ల తర్వాత కూడా ఖాళీగా ఉంటుందా అని చూసుకోండి.

ఇక్కడే కొత్తవాళ్లు ఒక తికమకలో పడతారు. 69 డిగ్రీలంటే డిష్ ఆకాశం వైపు వెల్లకిలా తెరుచుకుని ఉండాలి కదా, మరి వీధిలో ఉన్న డిష్‌లన్నీ ఎదురింటిని చూస్తున్నట్టు ఎందుకున్నాయి? మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. ఎల్‌ఎన్‌బీ, అంటే పళ్లెం ముందు చేయి కొసన సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా, పళ్లెం మధ్యకు ఎదురుగా కాకుండా కింది అంచు దగ్గర ఉంటుంది. అందువల్ల పళ్లెం ముఖం ఎటు చూస్తుందో దాని అసలు చూపు అంతకంటే సుమారు 24, 25 డిగ్రీలు పైకి ఉంటుంది. ఈ అంకె తయారీని బట్టి కొద్దిగా మారుతుంది. 24 అనుకుంటే, 69 కావాలంటే పళ్లేన్ని నిట్టనిలువు నుంచి వెనక్కి 45 డిగ్రీలు వాలిస్తే సరిపోతుంది. వెనక బ్రాకెట్ మీద అంకెలు చెక్కి ఉంటే సాధారణంగా ఈ తేడా కలిపే చెక్కి ఉంటారు, నేరుగా 69 దగ్గర పెట్టుకోవచ్చు.

కానీ ఆ అంకె ఒక షరతు మీదే నిజం చెబుతుంది. పైపు నిట్టనిలువుగా ఉండాలి. ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

పోయినేడాది కంచరపాలెంలో ఒక డాబా మీద ఈ పని చేస్తున్నాను. పైపు అప్పటికే పిట్టగోడలో సిమెంటు వేసి పాతి ఉంది. చూడ్డానికి నిలువుగానే ఉంది. బ్రాకెట్ 69 మీద పెట్టి, సిగ్నల్ తగిలితే కూసే మీటరు తగిలించి, డిష్‌ను దక్షిణానికి తిప్పాను. చప్పుడు లేదు. మెల్లగా ఎడమకు తిప్పుకుంటూ పోతే ఆగ్నేయం వైపు ఒకచోట మీటరు గట్టిగా కూసింది. అక్కడే బిగించి కిందికి దిగితే టీవీలో సిగ్నల్ లేదు. ఇంటి పెద్దాయన అన్నారు: "మీటరు కూస్తోంది కదా బాబూ, మరి బొమ్మేదీ?"

ఆ సాయంత్రం రెండు గంటలు డిష్‌ను అటూ ఇటూ తిప్పాను. ప్రతిసారీ అదే చోట కూత, ప్రతిసారీ బొమ్మ లేదు. చీకటి పడుతుండగా పెద్దాయనే లోపలి నుంచి తాపీ పనివాళ్లు వదిలేసిన గుండు, దారం తెచ్చి చేతిలో పెట్టారు. పైపు కొసన దారం పట్టుకుంటే, మీటరు పొడవున్న ఆ పైపు అడుగు దగ్గర గుండుకూ పైపుకూ మధ్య మూడు వేళ్ల సందు. ఐదు సెంటీమీటర్లు. అంటే పైపు దక్షిణానికి 3 డిగ్రీలు ఒరిగి ఉంది. బ్రాకెట్ 69 అంటున్నా డిష్ చూపు 66 దగ్గరే ఉంది. ఇప్పుడు ఇంకో అంకె చూడండి. డీడీ ఫ్రీ డిష్ చానళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. విశాఖ నుంచి దాని ఎత్తు 66 డిగ్రీలు, దిక్కు దక్షిణం నుంచి తూర్పుకు 31 డిగ్రీలు. నేను రెండు గంటల సేపు పట్టుకున్నది దాన్నే. మీటరుకు ఏ ఉపగ్రహమైనా ఒకటే, బాక్సుకు మాత్రం తనదే కావాలి. ఆ రోజు నుంచి గుండు దారం లేకుండా నేను ఏ డాబా ఎక్కలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇది. పైపు కొసన దారం పట్టుకుని దక్షిణం వైపు నుంచి ఒకసారి, తూర్పు వైపు నుంచి ఒకసారి చూడండి. మీటరు పైపుకు దారం 17, 18 మిల్లీమీటర్లు ఎడంగా ఉంటే ఒక డిగ్రీ ఒరిగినట్టు. దారం పైపుకు ఆనీ ఆననట్టు ఉండేదాకా కింద రేకు ముక్కలు పెట్టి సర్దండి. రసమట్టం ఉంటే ఇంకా సుఖం. ఎంత మేలు రకం డిష్ కొన్నా ఈ పావుగంట పని చేయకపోతే వృథా.

పైపు తర్వాత దిక్కు. ఇక్కడ మన ఊరికి ఇంకో సౌకర్యం ఉంది. నిటారుగా ఉన్న చూపుకు పక్కకు తిరగడం అంతగా అంటదు. గొడుగు కర్రను దాదాపు నిలువుగా పట్టుకుని చేత్తో తిప్పితే దాని కొస ఎంత జరుగుతుంది? కొంచెమే. అదే కర్రను నేలకు సమాంతరంగా పట్టుకుని తిప్పితే గదంతా చుట్టి వస్తుంది. 69 డిగ్రీల ఎత్తులో డిష్‌ను పక్కకు 3 డిగ్రీలు తిప్పితే అసలు చూపు ఒక డిగ్రీ మాత్రమే జరుగుతుంది. ఎత్తులో ఒక డిగ్రీ తప్పితే మాత్రం పూర్తిగా ఒక డిగ్రీ తప్పినట్టే. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మొత్తం 3 డిగ్రీలకు లోపు, అంటే మధ్య నుంచి ఒక్కో పక్కకు ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు. అందుకే విశాఖలో సిగ్నల్ రాకపోతే గంటల తరబడి డిష్‌ను అటూ ఇటూ తిప్పకండి. ఎత్తు చూడండి, పైపు చూడండి.

అయినా దక్షిణం ఎటుందో తెలియాలి కదా. ఫోన్‌లోని దిక్సూచిని డాబా మీద నేను నమ్మను. స్లాబులో ఇనుప చువ్వలు, పక్కన ఇనుప పైపు, చేతిలో స్పానర్. పది, పదిహేను డిగ్రీలు తప్పు చూపించడం మామూలే. దానికి బదులు గుళ్లు కట్టేటప్పుడు స్థపతులు వాడిన శంకువు పద్ధతి నేర్చుకోండి. డాబా మీద చదునైన చోట రెండడుగుల కర్రను నిలువుగా నిలబెట్టండి. కర్ర మొదలు కేంద్రంగా దారంతో సుద్దముక్క కట్టి ఒక వలయం గీయండి. పొద్దున నీడ పొడవుగా ఉండి మెల్లగా కుదించుకుపోతుంది. నీడ కొస వలయాన్ని తాకిన చోట గుర్తు పెట్టండి. మధ్యాహ్నం తర్వాత నీడ మళ్లీ సాగి వలయాన్ని ఇంకోచోట తాకుతుంది, అక్కడా గుర్తు పెట్టండి. రెండు గుర్తులనూ కలిపితే తూర్పు పడమరల గీత. దాని నడిమధ్య నుంచి కర్ర మొదలుకు గీస్తే ఉత్తర దక్షిణాల గీత. దాన్ని పెయింటుతో అక్కడే ఉంచుకోండి, ఆ డాబాకు ఇక దిక్సూచితో పని లేదు.

వలయం ఎంత ఉండాలంటే, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో నీడ దాన్ని తాకేటంత. మిట్టమధ్యాహ్నపు నీడతో ఒక్క దెబ్బలో తేల్చేద్దామని చూడకండి. మన దగ్గర సూర్యుడు సరిగ్గా దక్షిణోత్తర రేఖ మీదికి వచ్చే సమయం గడియారంలో పన్నెండు కాదు. నవంబరు మొదట్లో 11 గంటల 41 నిమిషాలకే వస్తాడు, ఫిబ్రవరి మధ్యలో 12 గంటల 11 నిమిషాల దాకా రాడు. పైగా మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆ మూడు నెలల్లో ఈ సంగతి తెలియనివాడు డిష్‌ను నేరుగా ఉత్తరానికి, సింహాచలం కొండ వైపు పెడతాడు.

ఇప్పుడు గురిపెట్టండి. బ్రాకెట్ 69 దగ్గర, పళ్లెం దక్షిణపు గీత మీద, నట్లు చేత్తో తిప్పితే కదిలేటంత బిగువుగా. ఫోన్‌లో టీవీ బొమ్మ చూపించడానికి కింద ఒక మనిషి ఉంటే మంచిది. బాక్సు సెటప్‌లో రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ చూసి సంబరపడకండి, కేబుల్ సరిగ్గా ఉండి ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, అది కొంత లేస్తుంది. సరైన ఉపగ్రహం దొరికిందని చెప్పేది క్వాలిటీ. డిష్ అంచు పట్టుకుని అర సెంటీమీటరు జరిపితే ఒక డిగ్రీ తిరిగినట్టు. అంతకంటే ఎక్కువ ఒకేసారి జరపకండి. జరిపాక చెయ్యి తీసేసి మూడు నాలుగు సెకన్లు ఆగండి. బాక్సుకు సిగ్నల్ పోల్చుకోవడానికి ఆ మాత్రం టైం కావాలి. తొందరపడి తిప్పుతూ పోయేవాళ్లు సరైన చోటు మీదుగానే దాటి వెళ్లిపోతుంటారు.

క్వాలిటీ పైకి వచ్చాక ఎత్తును కొంచెం పెంచి అది పడిపోయే చోట పెన్సిల్ గుర్తు, తగ్గించి పడిపోయే చోట ఇంకో గుర్తు పెట్టండి. రెండింటి నడుమ బిగించండి. పక్కలకూ అంతే. ఇవాళ ఎండలో కనిపించే అంకెతో తృప్తిపడి ఏదో ఒక అంచున బిగిస్తే తొలకరి వానకే బొమ్మ పోతుంది. కేయూ బ్యాండ్ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, చినుకులు దాన్ని బాగా తినేస్తాయి. నడిమధ్యన బిగించిన డిష్‌కు ఆ నష్టాన్ని తట్టుకునే మిగులు ఉంటుంది. నట్లను ఒకేసారి ఒక పక్క బిగించకుండా, ఒక్కోదాన్ని కొంచెం కొంచెం, మార్చి మార్చి బిగించండి. ఒక్క పక్క గట్టిగా లాగితే డిష్ ఆ పక్కకు ఒరుగుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం పోతుంది.

93.5 మీదున్న జీశాట్-15 కావాలనుకునేవారికి చిన్న చేర్పు. ఎత్తు 66, దిక్కు దక్షిణం నుంచి తూర్పుకు 31 డిగ్రీలు అని పైన చూశాం. దానికి ఎల్‌ఎన్‌బీ మెడ కూడా తిప్పాలి. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తున్నవాడికి గడియారం ముల్లుకు ఎదురు దిశలో, సుమారు 29 డిగ్రీలు. 83 ఉపగ్రహానికి ఈ తిప్పుడు ఒక డిగ్రీ కూడా ఉండదు, పట్టించుకోనక్కర్లేదు.

ఇంటిపని రెండు. ఒకటి, కాగితం మీది బొమ్మను శ్రీకాకుళానికి మళ్లీ గీయండి. అక్షాంశం 18.3 తీసుకోండి. రేఖాంశం 83.9, అంటే తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి నేరుగా దక్షిణమే అనుకుని గీయవచ్చు. ఎత్తు 68న్నర దగ్గర వస్తే మీ గీత సరిగ్గా ఉన్నట్టు.

రెండోదానికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఉపగ్రహం మన నడినెత్తి నుంచి 20.8 డిగ్రీలు దక్షిణానికి ఉందన్నాం. విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే) రోజున మధ్యాహ్నపు సూర్యుడు 17.7 డిగ్రీలు దక్షిణానికి ఉంటాడు. ఇంకో 3.1 డిగ్రీలు కిందికి ఉన్న రోజున సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడు ఆ రోజుల్లో రోజుకు 0.4 డిగ్రీలు కదులుతాడు కాబట్టి అది విషువత్తుకు ఎనిమిది రోజుల తేడా. మార్చి 12 ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు 1 ప్రాంతంలో ఒకసారి. ఆ రోజుల్లో మార్చిలో అయితే 12 గంటల 7 నిమిషాల చుట్టుపక్కల, అక్టోబరులో అయితే 11 గంటల 47 నిమిషాల చుట్టుపక్కల, సూర్యుడి రేడియో రొద ఉపగ్రహాన్ని ముంచేసి కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. అది లోపం కాదు, ఎవరికీ ఫోన్ చేయకండి. ఆ సమయానికి డాబా ఎక్కండి. సూర్యుడి వైపు చూడవద్దు, పళ్లెం మీద పడే నీడనే చూడండి. ఎల్‌ఎన్‌బీ నీడ పళ్లెం కింది అంచు దగ్గర, పక్కలకు జరగకుండా నడిమధ్యన పడి ఉంటుంది. ఆ నీడ స్థానాన్ని నోట్‌బుక్‌లో బొమ్మ గీసి, టైం రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో తుప్పు, ఉప్పుగాలి, యాంకర్ బోల్టుల సంగతి చూద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన డాబాల మీద ఏం మిగిల్చిందో చూసినవాళ్లకు ఆ పాఠం ఎందుకో చెప్పనక్కర్లేదు. అప్పటికి గుండు, దారం కొని పెట్టుకోండి.